సిమ్ రేసింగ్‌కు కొత్తా? లైమ్ రాక్‌లో ఎంఎక్స్-5తో మొదలుపెట్టండి

సిమ్ రేసింగ్ అంటే అసలు కారు నడిపినట్టే ఇంట్లో కూర్చుని ఆడే రేసు ఆట. అందులో నా మొదటి ఆన్‌లైన్ రేసు మూడు ల్యాపులు (ట్రాక్ చుట్టూ మూడు చుట్లు) కూడా నడవలేదు. లైమ్ రాక్ ట్రాక్‌లో ఆఖరి మలుపు, దిగుడులో ఉంటుంది. అక్కడ ఎడమ పక్క టైర్లు రెండూ గడ్డి మీదికి పోయాయి. కంగారులో స్టీరింగ్‌ను కుడికి లాగేశాను. కారు ట్రాక్‌కి అడ్డంగా దూసుకెళ్లి, వెనక వస్తున్న ఇద్దరిని వెంటబెట్టుకుని అవతలి గోడకు కొట్టుకుంది. చాట్‌లో ఒకతను ఒక్క మాట టైపు చేశాడు: "ఎందుకు?"

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. ఆ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లాగానో నాకే తెలియదు మరి.

ఆ తర్వాత కొన్ని వందల రేసుల్లో నేర్చుకున్నది ఇక్కడ వరసగా పెడుతున్నాను. అన్ని ఆటల గురించీ కాదు. ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ రేసు ఆటలో కొత్తవాళ్లకు మెంబర్‌షిప్‌తోనే వచ్చే మాజ్దా ఎంఎక్స్-5 కప్ కారు, అలాగే వచ్చే లైమ్ రాక్ ట్రాక్, ఈ రెండే తీసుకుంటాను. అసెట్టో కోర్సా కాంపిటీజియోనె, గ్రాన్ టురిస్మో 7 ఆడేవాళ్లకు బటన్లు, రేటింగుల లెక్కలు వేరుగా ఉంటాయి. టైరు పట్టు, పక్కవాడి కోపం మాత్రం ఎక్కడైనా ఒకటే.

1. ముందు కుర్చీ సంగతి చూడండి

కొత్తవాళ్లు మొదట అడిగేది "ఏ వీల్ (ఆట కోసం బల్లకు బిగించుకునే స్టీరింగ్) కొనాలి?" అని. లాజిటెక్ జి29 లాంటి గేర్లతో నడిచే వీల్ చాలు, ఏడాదిపాటు దాని జోలికి పోనక్కర్లేదు. మీ వేగం ఎక్కువగా ఆధారపడేది బ్రేకు పెడల్ మీద. మామూలు పెడల్ మీ పాదం ఎంత దూరం కదిలిందో కొలుస్తుంది. లోడ్ సెల్ ఉన్న పెడల్ ఎంత బలంగా తొక్కారో కొలుస్తుంది. కాలికి దూరం కన్నా బలమే బాగా గుర్తుంటుంది. డబ్బు మిగిలితే ముందు పెట్టాల్సింది అక్కడే.

అంతకన్నా ముందు, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కితే మీరే వెనక్కి జారిపోతారు. అలా జారితే ఏ రెండు బ్రేకులూ ఒకలా పడవు. కుర్చీ చక్రాలను పాత బూట్లలో దించండి. నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది. మా ఇంట్లో కుర్చీకి ఐదు బూట్లు, అందులో ఒకదానికి జత లేదు.

తర్వాత స్క్రీన్. ఎక్కువమంది ట్రాక్ అంతా కనబడాలని చూపు కోణాన్ని బాగా పెంచేస్తారు. అలా చేస్తే మలుపు ఉన్నదానికన్నా దూరంగా, వేగం ఉన్నదానికన్నా ఎక్కువగా అనిపిస్తుంది. 27 అంగుళాల మానిటర్ కళ్లకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అడ్డంగా సరైన కోణం 53 డిగ్రీల దగ్గర వస్తుంది. లెక్క మీరు వేయక్కర్లేదు, స్క్రీన్ కొలత, దూరం ఇస్తే ఐరేసింగే వేసిపెడుతుంది. మొదటి రోజు గుర్రానికి గంతలు కట్టినట్టుంటుంది. స్క్రీన్‌ను ఎంత దగ్గరికి జరుపుకుంటే అంత మేలు. పక్కన కనబడని చోటుకు తెర మీది అద్దం, స్పాటర్ (పక్క కార్ల సంగతి చెవిలో చెప్పే ఆటలోని సహాయకుడు) గొంతు ఉన్నాయి. స్పాటర్ "కార్ రైట్" అన్నాడంటే కుడిపక్క ఎవరో ఉన్నారని అర్థం, మీకు కనబడకపోయినా సరే.

ఇక నెట్. వైఫై వద్దు, కేబుల్ వేసుకోండి. మన ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టి రౌటర్‌ను వదిలేసిన తెలివిమంతుల్లో నేనూ ఒకణ్ణి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ వేరే దొరుకుతుంది.

దూరపు సర్వర్‌లో ఆడుతుంటే ఇంకో విషయం మనసులో పెట్టుకోవాలి. గంటకు 150 కిలోమీటర్ల వేగంలో 150 మిల్లీసెకన్లకు కారు ఆరు మీటర్లు పైగా వెళ్తుంది. ఆ కాస్త సమయంలో పక్క కారు ఎక్కడుంటుందో మీ కంప్యూటర్ ఊహించి గీస్తుంది. తిన్నగా పోయే కారు విషయంలో ఆ ఊహ దాదాపు తప్పదు. ఉన్నట్టుండి వంకర తిప్పే కారు విషయంలో తప్పుతుంది. మీ తెరమీద తగలని కారు అతని తెరమీద తగిలేది ఇలాంటప్పుడే. అందుకే పక్కపక్కన వెళ్తున్నప్పుడు మన రోడ్ల మీదిలా వేలెడు సందు కాకుండా అర మీటరు వదలండి.

2. కనీసం ముప్పై ల్యాపులు ఒంటరిగా

లైమ్ రాక్ పార్క్ అమెరికాలోని కనెక్టికట్‌లో ఉంది. 1957లో తెరిచారు. ల్యాపు పొడవు సుమారు 2.4 కిలోమీటర్లు. ఏడు మలుపుల్లో ఒక్కటే ఎడమకు, మిగతావన్నీ కుడికి. పక్కనున్న చర్చి మద్దతుతో చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెళ్లడంతో 1959 నుంచి అసలు ట్రాక్‌లో ఆదివారాలు రేసులు లేవు. సిమ్‌లో ఆ బాధ లేదు కాబట్టి మన ఆదివారాలన్నీ అక్కడే పోతాయి.

మనవాళ్లకు ఇక్కడో అదనపు ఇబ్బంది ఉంది, ఎవరూ చెప్పరు. ఆ కారులో డ్రైవర్ సీటు ఎడమవైపు. మనకు అలవాటు కుడివైపు. ట్రాక్ మలుపులేమో దాదాపు అన్నీ కుడికి. అంటే మీరు లోపలి అంచుకు ఆనించాల్సిన టైరు, మీ సీటుకు అవతలి పక్కది. మొదటి పది ల్యాపుల్లో దగ్గరగా వెళ్లాననుకుని రికార్డింగ్‌లో చూస్తే అంచుకీ కారుకీ మధ్య మీటరున్నర ఉంటుంది. బానెట్ కుడి అంచు కెర్బ్‌ను (ట్రాక్ అంచున ఉండే చిన్న గట్టును) దాటిపోయిందేమో అనిపించేంత దగ్గరికి తీసుకెళ్లండి. సరిగ్గా అక్కడే ఉంటారు.

ఇప్పుడు ల్యాపు.

స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నటి రోడ్డు) చివర బిగ్ బెండ్. పొడవైన కుడి మలుపు, రెండుసార్లు లోపలి అంచును తాకి వెళ్లాలి. ట్రాక్‌లో గట్టిగా బ్రేకు వేసేది ఇక్కడే. కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి: బోర్డు, రోడ్డు మీది అతుకు, కంచె మొదలైన చోటు, ఏదైనా సరే. నీడ వద్దు, రేసు ఏ వేళకు పెడితే అది అక్కడికి జరుగుతుంది. ముందు కారు కూడా వద్దు, అది ఈసారి ఆలస్యంగా బ్రేకు వేయొచ్చు.

వెంటనే ఎడమ మలుపు. దాని వేగం కన్నా ముఖ్యం, దాని తర్వాతి కుడి మలుపులోకి సరిగ్గా చేరడం. ఎందుకంటే ఆ కుడి మలుపు దాటాక నో నేమ్ స్ట్రెయిట్ వస్తుంది. ఎడమ మలుపులో అత్యాశకు పోయినవాడు ఆ స్ట్రెయిట్ అంతా దాని ఖరీదు కడతాడు.

తర్వాత ఎక్కుడు మలుపు. కింద రోడ్డు గిన్నెలా లోతుగా ఉంటుంది, అక్కడ కారు నేలకు అదుముకుని పట్టు బాగా దొరుకుతుంది. పైకి చేరగానే కారు తేలికైపోతుంది. కాబట్టి తిప్పాల్సిందంతా కిందే తిప్పేయాలి. శిఖరం మీద స్టీరింగ్ దాదాపు తిన్నగా ఉండాలి. అక్కడ ఇంకా తిప్పుతూ యాక్సిలరేటర్ తొక్కితే కారు వెనకభాగం మిమ్మల్ని దాటి ముందుకు రావాలని చూస్తుంది.

వెస్ట్ బెండ్‌లో చిన్నగా బ్రేకు తగిలిస్తే చాలు.

ఆఖరిది దిగుడు మలుపు. కొత్తవాళ్ల కార్ల శ్మశానం అని దానికి నేను పెట్టుకున్న పేరు. రోడ్డు కిందికి జారుతుంటుంది కాబట్టి మొదట్లో కారు తేలిగ్గా, నమ్మకం లేకుండా ఉంటుంది. అడుగున మళ్లీ అదుముకుంటుంది, పట్టు వస్తుంది. చేయాల్సిన పని తిప్పకముందే చేసేయాలి: కాస్త బ్రేకు, లేదా యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదలడం. తిప్పడం మొదలయ్యాక కాలు మళ్లీ యాక్సిలరేటర్ మీదికి మెల్లగా రావాలి. మధ్యలో భయపడి ఒక్కసారిగా కాలు తీస్తే ఏమవుతుందో కింద చెబుతాను.

ముప్పై ల్యాపుల్లో మీ వేగవంతమైన ల్యాపు ఎంత అన్నది పక్కన పెట్టండి. వరసగా పది ల్యాపులు అర సెకను తేడాలోపు, ఒక్కసారి కూడా ట్రాక్ దాటకుండా చేయగలిగారా? చేస్తే రేసుకు సిద్ధం. లేదంటే ఇంకో ముప్పై.

3. నాలుగు టైర్లు, వంద రూపాయలు

కారు అదుపు గురించి ఎన్ని వీడియోలు చూసినా సారాంశం ఇంతే: ఒక్కో టైరు దగ్గర వంద రూపాయలున్నాయి అనుకోండి. బ్రేకుకు కొంత, తిరగడానికి కొంత, ముందుకు తోయడానికి కొంత ఖర్చు. తిన్నగా పోతూ వందకు వంద బ్రేకు మీద పెట్టొచ్చు. తొంభై బ్రేకు మీద పెట్టి మలుపుకు డెబ్బై అడిగితే అప్పు పుట్టదు, కారు తిన్నగా జారిపోతుంది.

ఆ వంద కూడా స్థిరంగా ఉండదు. టైరు మీద ఎంత బరువు ఉంటే అంత పట్టు. బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలుతుంది: ముందు టైర్ల జేబు నిండుతుంది, వెనకవాటి జేబు ఖాళీ అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే తలకిందులు. మీ పాదాలు చేసేది వేగం పెంచడం, తగ్గించడం మాత్రమే కాదు, ఈ బరువును అటూ ఇటూ పోయడం. నిండా చారున్న గిన్నెను రెండు చేతులతో వంటింట్లోంచి హాల్లోకి తెచ్చేటప్పుడు ఎలా నడుస్తారో అలా.

దిగుడు మలుపులో కాలు ఒక్కసారిగా తీస్తే జరిగేది ఇదే. బరువు ముందుకు దూకుతుంది. ముందు టైర్లకు అకస్మాత్తుగా పట్టు పెరుగుతుంది, స్టీరింగ్ అప్పటికే తిరిగి ఉంది కాబట్టి ముక్కు లోపలికి కొరుకుతుంది. వెనక టైర్లు ఖాళీ జేబుతో ఉన్నాయి. కారు బొంగరం. దీన్ని లిఫ్ట్-ఆఫ్ ఓవర్‌స్టీర్ అంటారు. వెనక చక్రాలతో నడిచే చిన్న తేలిక కారు కాబట్టి ఎంఎక్స్-5 ఈ పాఠాన్ని మొహమాటం లేకుండా చెబుతుంది. తప్పు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే అది వినిపించేస్తుంది, కొత్తవాళ్లకు దీన్ని ఇవ్వడం మంచిదని నేననేది అందుకే.

వెనక జారడం మొదలైతే: స్టీరింగ్‌ను జారుతున్న వైపుకే తిప్పండి, చూపు మీరు వెళ్లాలనుకున్న చోట పెట్టండి, కాళ్లు ఏదీ ఉన్నట్టుండి చేయకూడదు. చాలామంది ఇక్కడిదాకా బాగానే చేస్తారు. కారు సర్దుకోవడం మొదలయ్యాక చేతులు తిన్నగా తేవడంలో ఆలస్యం చేస్తారు. అప్పుడు కారు అవతలి వైపుకు విసిరేసినట్టు తిరుగుతుంది, ఈ రెండో జారుడు మొదటిదానికన్నా వేగంగా వస్తుంది. కాబట్టి తిప్పినంత త్వరగా తిరిగి తెచ్చుకోవాలి.

ముందు జారితే, అంటే స్టీరింగ్ తిప్పినా కారు తిరగకపోతే, మన చేయి ఇంకా తిప్పుతుంది. అది సహజం, పనికిరానిది కూడా. టైరును ఇంకా అడ్డంగా ఈడుస్తారు, అది వేడెక్కుతుంది, ఉన్న పట్టూ పోతుంది. స్టీరింగ్‌ను కాస్త వదులు చేసి, యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా తేలిక చేయండి.

ఇక ట్రెయిల్ బ్రేకింగ్. పేరు విని భయపడొద్దు. బిగ్ బెండ్ దగ్గర తిన్నగా ఉండగానే గట్టిగా బ్రేకు, తర్వాత స్టీరింగ్ ఎంత తిరుగుతుంటే బ్రేకు అంత వదులుతూ పోవడం. వంద రూపాయల్లో బ్రేకు ఖర్చు తగ్గిస్తూ మలుపు ఖర్చు పెంచడమే. ముందు టైర్ల మీద బరువు ఇంకా ఉంటుంది కాబట్టి ముక్కు చక్కగా తిరుగుతుంది. సాధన ఇలా చేయండి: మొదటి ఐదు ల్యాపులు బ్రేకు పూర్తిగా వదిలాకే తిప్పండి. తర్వాతి ఐదు, తిప్పడం మొదలయ్యాక లెక్క ఒకటి అనేంతవరకు చివరి పది శాతం బ్రేకు పట్టి ఉంచండి. ఆ తర్వాత రెండు లెక్కలు. ఎక్కడో ఒకచోట వెనకభాగం కదలడం మొదలుపెడుతుంది. హద్దు దొరికింది, అక్కడినుంచి కొంచెం వెనక్కి రండి. ఈ కారుకు ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేదు, బ్రేకు ఎక్కువైతే చక్రం బిగుసుకుపోతుంది, టైరు కీచుమంటుంది. ఆ చప్పుడు వినడానికైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫ్యాన్ హోరులో అది వినబడదు.

సెటప్పుల (సస్పెన్షన్, టైర్ల గాలి లాంటి సర్దుబాట్ల) గురించి ఇప్పుడు ఆలోచించొద్దు. కొత్తవాళ్ల సిరీస్‌లో అందరికీ ఒకే సెటప్. మీకన్నా రెండు సెకన్లు ముందున్నవాడిదీ మీ కారే.

4. రేటింగ్ లెక్క

ఐరేసింగ్‌లో రెండు అంకెలు మీ వెంట తిరుగుతాయి. ఐరేటింగ్ అంటే ఎవరిమీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు అన్న లెక్క. సేఫ్టీ రేటింగ్ అంటే ఎన్ని మలుపులకు ఎన్ని తప్పులు చేశారన్న లెక్క. లైసెన్సు, అంటే మీ స్థాయి, రూకీ (కొత్తవాడు) నుంచి డి, సి, బి, ఏ అని పైకెళ్తుంది, అది నడిచేది సేఫ్టీ రేటింగ్ మీద. గెలవకుండానే లైసెన్సు పెంచుకోవచ్చు. తప్పులు చేస్తూ గెలిస్తే అక్కడే ఉండిపోతారు.

ఒక్కో తప్పుకు ఇన్ని ఎక్స్‌లని (తప్పు పాయింట్లు) పడతాయి: ట్రాక్ దాటితే 1ఎక్స్, కారు అదుపు తప్పితే 2ఎక్స్, ఇంకో కారును గట్టిగా తగిలితే 4ఎక్స్. చిన్నగా రాసుకుంటే సున్నా. కొత్తవాళ్లకు కోపం తెప్పించేది, తప్పు ఎవరిదని కంప్యూటర్ చూడదు. వెనకనుంచి ఎవడో గుద్దినా మీకూ 4ఎక్స్. "ఇదెక్కడి న్యాయం?" అని నేనూ తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, న్యాయం ఎలా ఉన్నా దాని ఫలితం మంచిదే. తప్పు చేసేలా కనబడుతున్నవాడి దగ్గరికి పోకుండా ఉండటం కూడా ఒక నైపుణ్యమే, అది మీకు దానంతటదే అబ్బుతుంది.

మొదటి పది రేసులకు నా సలహా: క్వాలిఫైయింగ్ (రేసు మొదట్లో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే ల్యాపులు) తప్పకుండా చేయండి. వదిలేస్తే వెనక్కి పోతారు, గొడవలన్నీ అక్కడే జరుగుతాయి. డి లైసెన్సు వచ్చేదాకా కార్లు, ట్రాకులు ఏవీ కొనొద్దు.

5. మొదటి మలుపు, మన రోడ్డు అలవాటు

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బండి నడిపినవాళ్లకు రక్తంలో ఒక సూత్రం ఉంటుంది: ముందు టైరు ఎవడు దూరిస్తే దారి వాడిది. మనం దూరిస్తే అవతలివాడు తిట్టుకుంటూ ఆగుతాడు, వాడు దూరిస్తే మనం ఆగుతాం. పది కిలోమీటర్ల వేగంలో ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. నూట ఇరవైలో నడవదు.

రేసు మొదలు. ఇరవై మంది బిగ్ బెండ్ వైపు పరుగెత్తుతున్నారు. టైర్లు ఇంకా చల్లగా ఉన్నాయి. మీ బ్రేకు గుర్తుకన్నా బాగా ముందే బ్రేకు వేయండి. ఎందుకో లెక్క చూడండి. మీకూ ముందు కారుకూ 0.3 సెకన్ల తేడా ఉంది. 160 కిలోమీటర్ల వేగంలో అది 13 మీటర్లు. కారు పొడవు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ, అది తీసేస్తే మధ్యలో తొమ్మిది మీటర్ల ఖాళీ. అదే 0.3 సెకన్లు, మలుపులో 80 కిలోమీటర్ల దగ్గర, ఆరున్నర మీటర్లకు పడిపోతుంది. కారు తీసేస్తే మిగిలింది మూడు మీటర్లలోపే. ఎవరూ తప్పు చేయలేదు, సమయం తేడా మారలేదు, దూరం మాత్రం మూడో వంతు కూడా మిగలలేదు. ఇరవై కార్లు వరసగా ఉంటే వెనకవాళ్లకు ఈ కుదింపు ఇంకా ఎక్కువగా తగులుతుంది. వీరావేశంతో ఎప్పటి గుర్తు దగ్గరే బ్రేకు వేసినవాడు ముందువాడి డిక్కీలో ఉంటాడు.

ముందు కారు వెనకాలే దూసుకుపోతున్నప్పుడు గాలి అడ్డు కూడా తగ్గుతుంది. వేగం పెరుగుతుంది, ఆపడానికి గాలి సాయం తగ్గుతుంది. అప్పుడూ బ్రేకు ముందే పడాలి. లేదా సగం కారు పక్కకు జరిగి బ్రేకు వేయండి, తప్పినా పక్కనుంచి పోతారు.

ఓవర్‌టేక్ ఎప్పుడు చేయాలి? ఎదుటివాడు మలుపులోకి తిప్పడం మొదలుపెట్టే ముందే మీ కారు ముక్కు అతని కారు తలుపు పక్కకు చేరి ఉండాలి. అతనికి మీరు కనబడుతున్నారు, స్పాటర్ కూడా చెప్పాడు, ఇప్పుడు చోటు వదలడం అతని బాధ్యత. బ్రేకు ఆలస్యంగా వేసి, అతను అప్పటికే తిరుగుతుండగా లోపలి సందులో ముక్కు దూర్చితే ఆ సందు మూసుకుపోతుంది. మూసింది అతనైనా తప్పు మీది.

ఇది కొత్తవాళ్ల జబ్బు మాత్రమే కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు జరిగింది గుర్తుందా? ఆ రోజు హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే బిగుతు) మలుపులో జాగ్వార్ డ్రైవర్ శామ్ బర్డ్ వెళ్లి గుద్దింది ఎవరినో కాదు, సొంత జట్టులోని మిచ్ ఎవాన్స్‌నే. జట్టు రెండు కార్లకూ రేసు అక్కడే పాడైంది. జీతం తీసుకుని నడిపేవాళ్లకే సందు అలా ఆశ పెడుతుంది.

పక్కపక్కన మలుపులోకి వెళ్లాక ఇద్దరికీ ఒకటే నియమం: అవతలివాడికి ఒక కారు వెడల్పు చోటు వదలాలి. లోపల ఉన్నవాడు లోపలి అంచును అంటుకునే ఉండాలి, బయటికి తేలిపోకూడదు. బయట ఉన్నవాడు లోపల ఎవరూ లేనట్టు అంచు వైపు వాలకూడదు. మామూలు రేసింగ్ లైన్ (మలుపును త్వరగా దాటే దారి) అప్పుడు మీ ఇద్దరిదీ కాదు. మలుపు ముగిసేదాకా నెమ్మదిగానే వెళ్తారు, వెళ్లనివ్వండి.

మీ స్థానం కాపాడుకోవడానికి ఒక్కసారి పక్కకు జరగొచ్చు. వెనకవాడు కదిలాక, అతన్ని చూసి మీరు కదిలితే అది బ్లాకింగ్. బ్రేకు వేసే చోట కదలడం అన్నిటికన్నా ప్రమాదం, వెనకవాడి టైర్ల వంద రూపాయలూ అప్పుడు బ్రేకుకే పోతున్నాయి, పక్కకు తప్పుకోవడానికి పైసా మిగల్లేదు. లోపలి లైన్ కావాలంటే బ్రేకు వేయకముందే తీసుకోండి, తీసుకున్నాక అక్కడే ఉండండి.

నీలం జెండా (మిమ్మల్ని ఒక ల్యాపు దాటేవాడు వెనక వస్తున్నాడనే గుర్తు) విషయంలో కొత్తవాళ్లు మర్యాద ఎక్కువై ప్రమాదం చేస్తారు. ల్యాపు ముందున్నవాడు వస్తున్నాడని బిగ్ బెండ్ మధ్యలో పక్కకు తప్పుకుంటారు, అతనూ సరిగ్గా అటే వస్తాడు. ఐరేసింగ్‌లో ఆ జెండా సమాచారం మాత్రమే. మీ లైన్‌లో మీరు మామూలుగా వెళ్లండి, దాటే పని అతనిది. సాయం చేయాలనిపిస్తే స్ట్రెయిట్‌లో ఒక పక్క ఉండి కాస్త కాలు తేలిక చేయండి.

6. గడ్డి మీదికి పోయాక

ఇది నా సొంత సబ్జెక్టు.

దిగుడు మలుపు బయటికి వస్తూ ఎడమ టైర్లు గడ్డి మీద పడ్డాయి. ఆ టైర్లకు ఇప్పుడు పట్టు లేదు. కుడి టైర్లు రోడ్డు మీదున్నాయి. మీరు స్టీరింగ్ కుడికి తిప్పుతారు, ఏమీ జరగదు, ఇంకా తిప్పుతారు. అంతలో ఎడమ ముందు టైరు రోడ్డు ఎక్కుతుంది. ఎక్కిన మరుక్షణం దానికి పట్టు పూర్తిగా వస్తుంది, అప్పటికి స్టీరింగ్ ఎంత తిరిగి ఉందో అంతా ఒక్కసారిగా అమలవుతుంది. కారు కుడి గోడకేసి బాణంలా పోతుంది. ఆ దారిలో ఎవరున్నారన్నది వాళ్ల అదృష్టం.

చేయాల్సింది: స్టీరింగ్ దాదాపు తిన్నగా పట్టుకోండి. బ్రేకు ముట్టుకోవద్దు. యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి. గడ్డి మీదే ముప్పై నలభై మీటర్లు వెళ్లనివ్వండి, రెండు డిగ్రీల కోణంలో రోడ్డెక్కండి. పోయేది 1ఎక్స్, అర సెకను. నాలుగు టైర్లూ గడ్డి మీదికి పోతే తిరిగి లాగాలన్న ఆశే వదిలేయండి. పోయింది పోయింది, ఆగండి.

స్పిన్ అయితే బ్రేకు పూర్తిగా తొక్కి పట్టుకోండి. ఆగిపోయిన కారును అందరూ తప్పించుకోగలరు, వెనక్కి దొర్లుతున్న కారును ఎవరూ అంచనా వేయలేరు. ఆగాక కంగారు పుడుతుంది, తెలుసు, ఒక్కో సెకను ఒక్కో యుగంలా ఉంటుంది. ఎఫ్3 నొక్కితే మీ చుట్టూ ఎవరు ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నారో చూపిస్తుంది. ఖాళీ దొరికేదాకా ఆగి, ట్రాక్ అంచునే కదలండి, వేగం అందుకునేదాకా రేసింగ్ లైన్ దాటొద్దు.

తప్పు మీదైతే చాట్‌లో "సారీ" అని రాయండి, రేసు అయ్యాక. నడుపుతూ టైపు చేసేవాడు ఇంకోసారి సారీ చెప్పాల్సి వస్తుంది. తప్పు వాడిదైతే ఏమీ రాయొద్దు. మైకులో బూతులు వినబడితే ఆ మనిషిని మ్యూట్ చేయండి. కావాలనే గుద్దాడని నిజంగా అనిపిస్తే రీప్లే సేవ్ చేసి ప్రొటెస్ట్ (ఐరేసింగ్‌కు ఫిర్యాదు) పెట్టొచ్చు, అదీ ఆ రాత్రి కాకుండా మర్నాడు, చల్లబడ్డాక. నేను మర్నాటికి దాచుకున్న ప్రొటెస్టుల్లో సగానికి పైగా పెట్టకుండానే పోయాయి.

7. రేసు అయ్యాక పది నిమిషాలు

వెంటనే ఇంకో రేసులో పేరిచ్చేయకండి. సిరీస్‌లో ట్రాక్ వారానికోసారి మారుతుంది, మన టైమ్ ప్రకారం మంగళవారం ఉదయం 5:30కి. అప్పటిదాకా అదే ట్రాక్ మీద రేసులు రోజంతా ఉంటూనే ఉంటాయి, ఎక్కడికీ పోవు.

రీప్లే తెరిచి మీకు ఎక్స్‌లు పడ్డ చోట్లు మాత్రమే చూడండి. ఒక్కోదాన్ని మూడుసార్లు: మీ సీట్లోంచి, పైనుంచి, అవతలివాడి సీట్లోంచి. ఎక్కువమంది మొదటి రెండూ చూసి తీర్పు ఇచ్చేస్తారు. మూడోదానిలో ఉంటుంది విషయం. అతనికి మీరు ఏ క్షణంలో కనబడ్డారు? కనబడ్డాక అతని దగ్గర ఎంత సమయం ఉంది? అతని బ్రేకు గుర్తు ఎక్కడ? ఒక తప్పు ఎంచుకుని, తర్వాతి రేసులో ఆ ఒక్కటే సరిచేసుకోండి. ఒకేసారి మూడు పెట్టుకుంటే ఏదీ కుదరదు.

నా మొదటి రేసు రీప్లే చాలా రోజులకు గానీ తెరవలేదు. "ఎందుకు?" అని అడిగినతని సీట్లోంచి చూశాను. దిగుడు మలుపు చక్కగా తీసుకున్నాడు, స్ట్రెయిట్‌కు కారు తిన్నగా పెట్టుకున్నాడు. ఎడమపక్క దూరంగా గడ్డి మీద నా కారు పోతోంది. నన్ను చూసే అతను కుడికి జరిగాడు, గడ్డి మీది కారుకు దారి వదలడానికి. ఒక సెకను కూడా కాలేదు, అతను జరిగిన ఆ కుడివైపుకే నా కారు అడ్డంగా వచ్చి అతని ముందు అద్దం నిండిపోయింది.